ఓడినవారి కథ

సూరత్తులో తాపీనది కావలి గట్టున అడాజన్, ఈవలి గట్టున పాత నగరము. ఆ నగరమున 1835లో జన్మించిన నందశంకర్ మెహతా ఉపాధ్యాయుడు. ఆంగ్ల నవలల తీరున గుజరాతీలో కథ వ్రాయుమని ఒక ఆంగ్ల విద్యాధికారి కోరగా, ఆయన 'కరణ్ ఘేలో', అనగా 'వెఱ్ఱి కరణుడు', రచించి 1866లో ప్రకటించెను. గుజరాతీ తొలి నవలగా దానికి ప్రసిద్ధి.

ఆ తీరునకు ఒజ్జ వాల్టర్ స్కాట్. ఆయన 'ఐవన్‌హో'లో పండ్రెండవ శతాబ్దపు ఇంగ్లండున నార్మనులకు లోబడిన సాక్సనుల వేదన కలదు. అయినను రిచర్డు రాజు మరలి వచ్చును. గాయము మానుటకు దారి దొరకును. కరణుని కథలో అట్టి రాక లేదు. మంత్రి భార్యను అపహరించిన రాజు దోషమే అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనలకు కోట తలుపులు తెఱచెను.

పరపాలనలోని పాఠకునకు స్కాట్ ఆశ చూపెను. నందశంకరుడు అద్దము చూపెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని 'ఆంధ్ర స్కాట్' అని గౌరవించిన తెలుగువారికి ఆ రెండును అవసరమే.