వెనక నుంచి హారన్

సన్నటి మెత్తని గొట్టం ఒకటి మీ చెవిలోకి జారుతోంది. "కదలకండి సార్, కర్ణభేరి దగ్గర్లోకి వచ్చింది" అంటోంది ఆడియాలజిస్టు. ఊపిరి బిగబడతారు. ఆ గొట్టం అలా ఉండగానే కొత్త చెవి మిషన్ తొడుగుతుంది. ఎదుటి స్పీకర్‌లో ఎవరో మాట్లాడుతున్నారు. కంప్యూటర్ తెర మీద గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. మీ చెవి లోపలికి చప్పుడు నిజంగా ఎంత చేరుతోందో కొలుస్తున్నారు. చెవి చెవికీ లోపలి ఆకారం వేరు. పక్కింటాయనకు సరిపోయిన సెట్టింగు మీకు సరిపోదు.

పక్కన మీ ఆడియోగ్రామ్, అంటే మీ వినికిడి గీత. 250, 500 హెర్ట్జ్ దగ్గర గీత పైనే ఉంది. 2000 దాటగానే దిగజారింది. 4000 దగ్గర 60 డెసిబెల్స్‌కి పడిపోయింది. మనవరాలి గొంతు వినపడుతున్నా మాట ఎందుకు అందట్లేదో ఇప్పుడు కళ్లారా చూస్తున్నారు. అచ్చుల బలమంతా గీత బాగున్న వైపు. స, శ, చ, త ల పదును పడిపోయిన వైపు. పిల్ల "సంచి" అంటే మీకు చేరేది "అం... ఇ".

ఆడియాలజిస్టు చప్పట్లు కొడుతుంది. ఉలిక్కిపడరు. వెంటనే గుసగుసగా మీ పేరు పిలుస్తుంది. వినపడుతుంది! లోచెవిలో రోమకణాలు దెబ్బతింటే చిన్న చప్పుళ్లు మాయమవుతాయి కానీ, పెద్దవి ఎప్పట్లాగే గట్టిగా తగులుతాయి. ఇంట్లోవాళ్లు అరిచి చెబితే మీకు చిరాకు పుట్టేది అందుకే. మిషన్ గుసగుసను బాగా పెంచి, చప్పట్లను దాదాపు ఉన్నట్టే వదిలేస్తోంది.

ఇక మనవరాలితో బయటికి రండి. కోఠి. సాయంత్రం. బస్సులు, బేరాలు, ప్రెషర్ హారన్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. చెయ్యి చెవి దాకా వెళుతుంది. తీసేద్దామా? ఒక్క రెండు క్షణాలు ఆగండి. బస్సు ఇంజిన్ రొద కాస్త తగ్గుతోంది. మాట సెకనుకు నాలుగైదుసార్లు లేచి పడుతుంది, రొద ఒకే తీరున సాగుతుంది. మిషన్ ఆ తేడా పట్టేసింది. దానికి రెండు మైకులున్నాయి, ముందొకటి, వెనకొకటి. ఏ మైకుకు చప్పుడు ముందు చేరిందో చూసి, ఎదుటి మాటను నిలిపి, వెనక చప్పుడును తగ్గిస్తోంది.

"తాతా, సంచి నాకియ్యి." ప్రతి అక్షరం!

ఆ సంతోషంలో రోడ్డు మీద అడుగు పెడతారు.

హారన్.

ఎక్కడో దూరంగా. దూరమేనా? మిషనే తగ్గించిందా? తల తిప్పండి. ఆటో! వెనక్కి. మనవరాలు మోచెయ్యి లాగుతుంది. గాలి చొక్కాను తాకి పోతుంది. కాళ్లు వణుకుతున్నాయి.

మళ్లీ చెయ్యి చెవి మీదికి. తీసేయకండి. తీస్తే మనవరాలి మాట మళ్లీ అందదు. మిషన్ మీద చిన్న బటన్ ఉంది, నొక్కండి. నాలుగు వైపులా వినే ప్రోగ్రామ్, మీకోసం ఇందాకే పెట్టారు. రొద మళ్లీ లేస్తుంది. లేవనివ్వండి. కుడివైపు బస్సు, ఎడమవైపు బండి, ఏది ఎటో తెలుస్తోంది. కళ్లతో కూడా చూసుకుని దాటండి.

రెండు మూడు వారాల్లో మళ్లీ ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. "బాగాలేదు" అని ఊరుకోకండి. రోడ్డు మీద వెనక హారన్ చిన్నగా వినపడిందని, బజార్లో మొదట రొద మీద పడిందని చెప్పండి. అలా చెబితేనే ఆమె సరిచేయగలదు. సరిచేశాక గొట్టంతో ఇంకోసారి కొలవమని మీరే అడగండి.