పరుల గూటిలో పెరిగే పక్షి

చైత్రం రాగానే మామిడితోటలలో కోకిల కూస్తుంది. మనకది వసంతానికి గుర్తు. కాని పక్షులకు వసంతం పాటల కాలం మాత్రమే కాదు, గూళ్ళ కాలం కూడాను. ఆ రోజులలోనే కాకి వేపకొమ్మల పంగలో పుల్లలు, ఇనుపతీగ ముక్కలు చేర్చి గూడు అల్లడం మొదలుపెడుతుంది. కోకిల గూడు కట్టదు. కాకిగూటిలో గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. సంస్కృతంలో కోకిలకు పరభృతమని పేరు. పరులచేత పెంచబడినదని అర్థం. శాకుంతలం ఐదవ అంకంలో దుష్యంతుడు శకుంతలను నిందించడానికి ఎత్తుకొన్న పోలిక ఇదే.

ఐతే పిల్ల పరుల గూటిలో పెరుగుతుందని తెలియడం వేరు, ఆ గూటిలో రోజురోజుకూ ఏమి జరుగుతున్నదో తెలియడం వేరు. మొదటిది ప్రాచీనులకే తెలుసు. రెండవది తెలియడానికి 18వ శతాబ్దం చివరి వరకు ఆగవలసి వచ్చింది.

ఇంగ్లీషువారు కక్కూ అని పిలిచే పక్షి మన కోకిలకు దాయాది. బూడిదరంగు ఒళ్ళు, పొట్టమీద డేగకున్నట్లు చారలు. ఏటా ఏప్రిల్‌లో ఆఫ్రికానుండి ఇంగ్లండు చేరుతుంది. ఇదీ గూడు కట్టదు. తనకంటె ఎంతో చిన్నవైన పిట్టల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. కొన్నాళ్ళ తరువాత చూస్తే ఆ గూటిలో కక్కూపిల్ల ఒక్కటే ఉంటుంది. మరి పెంపుడుతల్లి సొంత పిల్లలు ఏమైనట్లు? క్రీ. పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ ప్రశ్నకు నాలుగు రకాల జవాబులు పోగుచేశాడు. తల్లికక్కూ తిరిగివచ్చి వాటిని తినివేస్తుందని కొందరు, పెంపుడుతల్లే చంపుతుందని కొందరు, కక్కూపిల్ల తన బలంచేత చంపుతుందని మరికొందరు చెబుతున్నారని వ్రాశాడు. రెండువేల సంవత్సరాల పాటు విద్యావంతులు ఈ మాటలలో తమకు నచ్చినదానిని ఎంచుకొంటూ వచ్చారు.

ఎడ్వర్డ్ జెన్నర్ పేరు మన విద్యార్థులకు మశూచి టీకా పాఠంలో కనబడుతుంది. ఆయన 1749లో గ్లాస్టర్‌షైర్ జిల్లా బర్క్‌లీ గ్రామంలో జన్మించాడు. లండనులో జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని వద్ద చదువుకొని, సొంత ఊరికే తిరిగివచ్చి వైద్యం పెట్టాడు. గుర్రంమీద ఊరూరా తిరిగి రోగులను చూచే పల్లెటూరి డాక్టరు. గురువు మాత్రం శిష్యుణ్ణి వదలలేదు. ముళ్ళపందుల శరీరంలో వేడి ఎంతో కొలిచి చూడమని, కక్కూ సంగతి కనుక్కోమని ఉత్తరాలు వ్రాస్తూనే ఉండేవాడు. ఊహలతో కాలం గడపక ప్రయోగం చేసి చూడమన్నది ఆయన పోరు. మంచి ఉపాధ్యాయుడు వందమైళ్ళ దూరాన్నుండి కూడా పాఠం చెప్పగలడు.

జెన్నర్ కక్కూను గురించి ఒక వ్యాసం వ్రాసి రాయల్ సొసైటీకి పంపాడు. పిల్లలను గూటినుండి తోసివేసేది పెంపుడుతల్లిదండ్రులేనని అందులో ఉన్నది. ఆ వ్యాసం అచ్చు కాకముందే 1787 జూన్ 18వ తేదీ వచ్చింది. ఆనాడు ఆయన ఒక కంచెపొదలో 'కంచె పిచ్చుక' గూడు చూశాడు. (పేరుకు పిచ్చుకే గాని నిజానికి అది మన ఇళ్ళలోని పిచ్చుక జాతి కాదు.) గూటిలో మూడు కంచె పిచ్చుక గుడ్లు, ఒక కక్కూగుడ్డు ఉన్నాయి. మరునాడు చూసేసరికి ఒక కక్కూపిల్ల, ఒక కంచె పిచ్చుకపిల్ల మాత్రమే ఉన్నాయి. అదృష్టవశాత్తు గూడు కంచె అంచునే ఉండటంచేత లోపల జరిగేదంతా కనబడింది.

కక్కూపిల్ల పుట్టి ఒక్కరోజైనా నిండలేదు. కళ్ళు తెరవలేదు, ఒంటిమీద ఈక లేదు. అట్టి పిల్ల తన వెనుకభాగంతో, రెక్కలతో ఆ రెండవ పిల్ల క్రిందికి దూరింది; దానిని వీపుమీదికి ఎక్కించుకొన్నది; రెక్కల మోచేతులు పైకెత్తి పడిపోకుండా నిలబెట్టుకొన్నది; గూటిగోడ వెంట వెనుకకు వెనుకకు ప్రాకి అంచు చేరింది. అక్కడ క్షణం ఆగి, ఒక్క కుదుపుతో బరువును బయటకు విసరివేసింది. పని పూర్తయినదో లేదోనని తడిమి చూచుకొంటున్నట్లు రెక్కలకొనలు ఆడించి, మళ్ళీ గూటి అడుగుకు జారింది. జెన్నర్ గుడ్లు పెట్టి చూశాడు. వాటినీ అలాగే విసరివేసింది. పుట్టిన కొద్ది రోజులవరకు కక్కూపిల్ల వీపుమీద ఒక గుంట ఉంటుందని, అది ఈ మోతకు అనువుగా ఉంటుందని, సుమారు పన్నెండు రోజులకు పూడిపోతుందని, ఆ వయసు వచ్చేసరికి తోసివేసే బుద్ధి కూడా పోతుందని ఆయన కనిపెట్టాడు.

అదే నెలలో మరో వింత కంటబడింది. ఒకే గూటిలో రెండు కక్కూపిల్లలు పొదగబడ్డాయి. మరునాటి మధ్యాహ్నం వరకు ఒకదానినొకటి మోసుకొంటూ పెనుగులాడాయి. ఒకటి దాదాపు అంచువరకు మోసి, బరువు ఆపలేక కూలబడేది. వెంటనే రెండవది మొదలుపెట్టేది. చివరకు కొంచెం పెద్దది గెలిచింది.

జెన్నర్ మొదటి వ్యాసాన్ని వెనక్కు తీసుకొని తిరగవ్రాశాడు. అది 1788 మార్చి 13న రాయల్ సొసైటీలో చదవబడింది. 1789లో ఆయనకు సొసైటీ సభ్యత్వం లభించింది. టీకాల వైద్యునిగా పేరు రావడానికి తొమ్మిదేండ్ల ముందే ఆయన కక్కూచేత శాస్త్రజ్ఞుడైనాడన్నమాట.

నమ్మినవారున్నారు, నవ్వినవారూ ఉన్నారు. చార్లెస్ వాటర్టన్ అనే ప్రకృతి పరిశీలకుడు, ఒక్కరోజు పిల్ల ఇంతపని చేయడం అసంభవమని త్రోసిపుచ్చాడు. 1796లో జెన్నర్ గోమసూచి టీకా ప్రయోగం చేసిన తరువాత ఈ వివాదం పక్షులతో ఆగలేదు. కక్కూ విషయంలో కట్టుకథ చెప్పినవాడు టీకా విషయంలో మాత్రం నిజం చెబుతాడా అన్నది ప్రతిపక్షుల వాదం. చార్లెస్ క్రైటన్ అనే వైద్యుడు 1889లో కూడా టీకాను ఖండిస్తూ వ్రాసిన గ్రంథంలో కక్కూవ్యాసాన్ని ఎత్తిపొడిచాడు. ఒక పొదలోని గూడు పసిపిల్లల ప్రాణాలు కాపాడే టీకా పరువుకు ముడిపడింది.

నిజానికి అప్పటికే సాక్ష్యం దొరికింది. స్కాట్లండు పడమటి సముద్రతీరంలో రోష్వెన్ అనేచోట కాపురమున్న జెమీమా బ్లాక్‌బర్న్ అనే చిత్రకారిణి, పిపిట్ అనే చిన్నపిట్ట గూటిలో జెన్నర్ చూచినదే చూచింది. బయటపడిన పిపిట్ పిల్లను తిరిగి గూటిలో పెట్టింది. గుడ్డి కక్కూపిల్ల దానిని మళ్ళీ విసరివేసింది. ఆమె దానిని అక్కడికక్కడే బొమ్మ వేసి, 1872లో నేచర్ పత్రికకు ఉత్తరం వ్రాసింది. అదే సంవత్సరం వెలువడిన జాతుల ఉత్పత్తి ఆరవ ముద్రణలో డార్విన్ ఈ సంగతి చేర్చాడు. గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞునికి అందిన నమ్మదగిన వార్త అన్నాడే గాని, ఆమె పేరు చెప్పలేదు. చెప్పి ఉండవలసినది.

ఇంకొక చిక్కు మిగిలింది. కక్కూ నేలమీద గుడ్డు పెట్టి, ముక్కున కరచుకొని పోయి గూటిలో ఉంచుతుందని చాలామంది నమ్మేవారు. దీనిని తేల్చినవాడు ఎడ్గర్ చాన్స్, గాజు వ్యాపార కుటుంబీకుడు. 1918నుండి వరుసగా కొన్ని వసంతాలు వూస్టర్‌షైర్‌లోని ఒక బీడుభూమిలో కాపు వేశాడు. ఆడకక్కూ చెట్టుమీద కూర్చొని, పిపిట్లు గూళ్ళు కట్టుకోవడం గమనిస్తూ ఉంటుందని గ్రహించాడు. ఏ గూటికి ఏ మధ్యాహ్నం వస్తుందో ముందుగా చెప్పగలిగేవాడు. కక్కూ గూటిమీద వాలి, అక్కడి గుడ్డు ఒకటి ముక్కున పట్టుకొని, తన గుడ్డు నేరుగా గూటిలోనే పెట్టి, సుమారు పది సెకండ్లలో ఎగిరిపోతుంది. ఇది సినిమాఫిల్ముకు కూడా ఎక్కింది. 1922లో ఒకే పక్షి 25 గుడ్లు పెట్టడం ఆయన లెక్కించాడు. ఆయన గుడ్లు సేకరించేవాడు. ఆనాడది గౌరవమైన వ్యసనమే. పిపిట్ల గుడ్లు తీసివేస్తే అవి మరల గూళ్ళు కట్టడం, కక్కూకు కొత్త గూళ్ళు దొరకడం జరిగేది. కనుక ఆ 25 పూర్తిగా ప్రకృతిసిద్ధమైన లెక్క కాదు. ఇంగ్లండులో 1954 చట్టం, మనదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత గూళ్ళ జోలికి పోవడం నేరమైనది.

ఇంతకూ కక్కూ తానే ఎందుకు పొదగదు? దాని కడుపు నిర్మాణం పొదగడానికి అనుకూలం కాదని 18వ శతాబ్దంలో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అన్నాడు. సెల్బోర్న్ గ్రామపు మతాచార్యుడు గిల్బర్ట్ వైట్ మరొక పక్షిని కోసి చూచి, దాని కడుపూ అలాగే ఉన్నా అది చక్కగా పొదుగుతుందని ఆ వాదాన్ని పూర్వపక్షం చేశాడు. జెన్నర్ చెప్పిన కారణం వేరు: కక్కూ ఏప్రిల్ నడుమ వచ్చి జూలై మొదట్లో వెళ్ళిపోతుంది, కనుక పిల్లలను పెంచే వ్యవధి లేదు. వినడానికి సబబుగానే ఉన్నది. కాని మన కోకిలను తెలిసినవారు దీనిని ఒప్పుకోలేరు. కోకిల ఏడాది పొడుగునా మన తోటలలోనే ఉంటుంది. చలికాలంలో కూయదు గనుక లేదనుకొంటాము. కావలసినంత వ్యవధి ఉండికూడా అది గూడు కట్టదు. బర్క్‌లీలో కోకిల ఉండి ఉంటే జెన్నర్ ఆ వాక్యం వ్రాసేవాడు కాడు.

మరొక భేదం కూడా ఉన్నది. కోకిలపిల్ల సాధారణంగా కాకిపిల్లలను తోసివేయదు. కాకిగూడు లోతైనది, పిల్లలు బరువైనవి. ఆ మోత దానికి సాధ్యం కాదనుకోవచ్చు. దాని బలం తొందరలో ఉన్నది. కోకిలగుడ్డు పదమూడు రోజులకు అటూయిటూగా పొదగబడుతుంది; కాకిగుడ్డుకు పదహారు రోజులైనా కావాలి. ముందు పుట్టినది ముందు నోరు తెరుస్తుంది. ఈ తొందర గుడ్డు బయటికి రాకముందే మొదలవుతుందని, తల్లి కడుపులోనే పిండం ఒకరోజు అదనంగా ఎదుగుతుందని కక్కూ విషయంలో 2011లో నిరూపించారు. కక్కూపిల్ల ఒక్కటే ఉన్నా, గూడునిండా పిల్లలున్నట్లు అరచి తిండి రాబట్టుకొంటుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 1998లో చూపారు. కోకిలపిల్ల కాకిపిల్లల నడుమనే ఉంటుంది గనుక ఆ ఎత్తు దానికి అక్కరలేదు. కాని అరవడంలో మాత్రం తీసిపోదు. గూడు వదలిన తరువాత కూడా కొన్నాళ్ళు వేపకొమ్మపై రెక్కలు ఆడిస్తూ గోల చేస్తుంది. కాకి వచ్చి దాని నోటిలో మేత పెడుతుంది. ఇది చూడడానికి జూన్ ప్రాంతం అనువైనది, అప్పుడు బళ్ళు తెరిచే ఉంటాయి. కాకి తలపై తన్నుతుంది గనుక గూటికి పది గజాల దూరంలో నిలబడి చూడడం మేలు.