హాలీ సిక్కా, కల్దార్, మా దాదీ మహర్

కిందటి రంజాన్ ఈద్‌కు గ్లాస్గోలో చదువుకుంటున్న మా ఖాలాజాద్ భాయ్ కొడుకు న్యాల్‌కల్ వచ్చాడు. వస్తూనే అమ్మీకి సలాం చేసి, ఈదీ అంటూ ఇరవై పౌండ్ల నోటు చేతిలో పెట్టాడు. పెద్దవాళ్లు పిల్లలకు ఇవ్వాల్సిన ఈదీ తిరగబడిందని ఇంట్లో అందరూ నవ్వారు. అమ్మీ నోటును అటూ ఇటూ తిప్పి చూసి, "మార్చుకుని రా బేటా, ఫిత్రాకు ఆలస్యమైనా జకాత్‌కు పనికొస్తది" అని నాకిచ్చింది.

హైదరాబాద్‌లో మూడు దుకాణాలు తిరిగాను. మొదటి చోట పిల్లవాడు నోటు చూసి, "దీని మీద రాణి బొమ్మ ఏది సాబ్?" అన్నాడు. నిజమే, లేదు. ఉన్నది సర్ వాల్టర్ స్కాట్ అనే రచయిత బొమ్మ. రెండో చోట, "ఇది స్కాచ్ నోటు, మాకొద్దు, లండన్ నోటుంటే తేండి" అన్నారు. మూడో చోట తీసుకుంటామన్నారు కానీ, వాళ్లు చెప్పిన రేటు వింటే ఆటో ఖర్చు కూడా మిగిలేలా లేదు. నోటు జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను.

అమ్మీ సంగతంతా విని ఒక్క మాటే అంది. "అయితే ఇది హాలీ సిక్కానే."

స్కాట్లాండ్ ముచ్చట రెండు మాటల్లో చెప్పి మన ముల్క్‌కు వస్తాను. అక్కడ మూడు బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి: బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, క్లైడ్స్‌డేల్. 1826లో లండన్ సర్కారు అయిదు పౌండ్ల కన్నా చిన్న నోట్లను బంద్ చేయాలని చూస్తే, వాల్టర్ స్కాట్ మారుపేరుతో పత్రికలో ఉత్తరాలు రాసి ఆపించాడు. నోటు మీద ఆయన బొమ్మ ఉన్నది అందుకే. తమాషా ఏమిటంటే ఆ నోట్లు ఇంగ్లండ్‌లో సరే, స్కాట్లాండ్‌లో కూడా కానూనీ చెల్లుబాటు ఉన్నవి కావు. జనం ఎతబార్ మీద నడుస్తాయి. ఆ ఎతబార్ వెనుక జమానత్ ఉంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ బ్యాంకుల నోట్లకు హామీగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పది లక్షల పౌండ్ల నోట్లు, పది కోట్ల పౌండ్ల నోట్లు అచ్చు వేసి దాచి ఉంచుతుంది. మొదటిదాన్ని జెయింట్ అంటారు, రెండోదాన్ని టైటన్ అంటారు. చిన్న సిక్కా పెద్ద సిక్కా భుజాల మీద నిలబడటమన్న మాట. సరిహద్దు దాటితే ఆ భుజాలు ఎవరికీ కనబడవు. దుకాణం పిల్లవాడికి కనబడేది బొమ్మ ఒక్కటే.

మన దగ్గర కూడా ఇదే కహానీ నడిచింది. ఒకటి రెండేళ్లు కాదు, తరాల తరబడి.

నిజాం రాజ్యపు రూపాయిని హాలీ సిక్కా అనేవారు. హాలీ అంటే ప్రస్తుతం నడుస్తున్నది అని. అంతకు ముందు రియాసత్‌లో చోటుకో టంకసాల, సాహుకారుకో సిక్కా. ఒక ఊరి రూపాయి ఇంకో ఊళ్లో బట్టా లేకుండా చెల్లేది కాదు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ ఆ టంకసాలల్ని మూయించి సర్కారీ సిక్కాను ఒక దారికి తెచ్చాడు. 1903లో టంకసాల సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాద్‌కు మారింది. తర్వాత వచ్చిన రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. ఆ చార్మినార్ దర్వాజాలో ఒక చిన్న అక్షరం ఉంటుంది, శ్రద్ధగా చూస్తే తప్ప కనబడదు. మహబూబ్ అలీ పాషా నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ పాషాదైతే ఐన్. ఇంట్లో పాత రూపాయి ఉన్నవాళ్లు తీసి చూసుకోండి.

బ్రిటిష్ రూపాయిని మనవాళ్లు కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రంతో కొట్టిన సిక్కా కనుక కల్దార్. తర్వాత మన టంకసాలలోనూ యంత్రాలొచ్చాయి, అయినా కల్దార్ పేరు దొరల రూపాయికే ఉండిపోయింది. దఫ్తర్ కాగితాల్లో ఒకటి ఓ.ఎస్., అంటే ఉస్మానియా సిక్కా. ఇంకొకటి బి.జి., అంటే బ్రిటిష్ గవర్నమెంట్.

రెండింటి మధ్య సర్కారీ రేటు 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. చూడటానికి పిచ్చి లెక్కలా ఉంటుంది. విడదీస్తే తేలికే: ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఈ ఏడూ ఆరూ ఎవరో నోటికొచ్చినట్టు చెప్పినవి కావు. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. గుణించి చూస్తే హాలీలో అసలు వెండి 9.14 గ్రాములు, కల్దార్‌లో 10.69. ఒకదాన్ని ఒకదానితో భాగిస్తే దాదాపు ఏడుకు ఆరే వస్తుంది. అంటే రేటు వెండిలోనే ఉంది. 1940లో దొరలు తమ రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, 1947కల్లా నికెల్‌కు దింపారు. అయినా ఏడూ ఆరూ కదలలేదు. వెండి పోయినా లెక్క మిగిలింది.

కాగితం నోట్లది వేరే కథ. రియాసత్‌లు సొంత నోట్లు వేయడం దొరలకు ఇష్టం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, నిజాం చేసిన యుద్ధ సాయానికి బదులుగా 1918లో ఒప్పుకున్నారు. మొదట 10, 100 రూపాయల నోట్లు వచ్చాయి. 1919లో 1, 5 రూపాయలవి, 1926లో 1000 రూపాయలది. అచ్చు వేసింది లండన్‌లోని వాటర్‌లో అండ్ సన్స్. నాసిక్‌లో ప్రెస్ వచ్చాక అక్కడ. నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉండేవి. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని. ఆ నోటు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా సర్టిఫికెట్లు రెండూ ఒకే కాగితం మీద అచ్చేసినట్టు అనిపిస్తుంది.

ఇంత ఘనమైన నోటు రియాసత్ సరిహద్దు దాటితే ఏమయ్యేది? మా న్యాల్‌కల్ అప్పుడు బీదర్ జిల్లా, బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. ఇక్కడివాళ్లకు పరాయి ముల్క్ అంటే లండన్ కాదు, షోలాపూర్. జహీరాబాద్ మీదుగా పోయే సడక్ పట్టుకుని రెండు వందల కిలోమీటర్లు పడమరకు పోతే నిజాం ఇలాకా అయిపోయి బొంబాయి ఇలాకా వచ్చేది. షోలాపూర్ మిల్లుల్లో, మగ్గాల మీద తెలంగాణ పద్మశాలీలు వేల మంది. వాళ్లు అక్కడ కల్దార్లలో కూలీ తీసుకుని, ఇక్కడ హాలీలో శిస్తు కట్టాలి. పోయేటప్పుడు హాలీని కల్దార్ చేసుకోవాలి, వచ్చేటప్పుడు కల్దార్‌ను హాలీ చేసుకోవాలి. సర్కారీ రేటు గోడ మీద ఉండేది, సర్రాఫ్ రేటు నోటి మీద ఉండేది. చదువురాని కూలీ ఏడూ ఆరూ లెక్కలో అణా ఎక్కడ జారిందో పట్టుకోలేడు. ఊరు దాటకుండానే ఈ బాధ పడినవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్ ఛావనీలో నడిచేది దొరల రూపాయే. హుస్సేన్‌సాగర్ కట్ట ఈ చివర ఒక సిక్కా, ఆ చివర ఒక సిక్కా.

హజ్‌కు పోయేవాళ్ల సంగతీ అంతే. బొంబాయిలో ఓడ ఎక్కాలంటే ముందు కల్దార్ కావాలి, ఆ తర్వాతే రియాల్. ఉమ్రంతా కూడబెట్టిన హాలీ, మక్కా చేరేసరికి రెండు సార్లు కోత పడేది.

1947 నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద దస్తఖత్‌లు అయ్యాయి. కొద్ది రోజులకే నిజాం సర్కారు ఆర్డినెన్సు తెచ్చి, భారత రూపాయి రియాసత్‌లో చెల్లదంది. పైగా తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల్లోంచి 20 కోట్ల రూపాయలు పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. తప్పెవరిది అనే బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. నా మట్టుకు, ప్రజల జేబులతో ఆడుకున్న హుకూమత్ ఏదైనా నాకు నచ్చదు. ఆ ఆర్డినెన్సుతో ఢిల్లీకి కోపం వచ్చింది, కానీ అసలు దెబ్బ తగిలింది షోలాపూర్ నుంచి పైసలు తెచ్చుకునే కూలీకి.

తర్వాత 1948 సెప్టెంబర్. పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసింది. ఊళ్లలో మాత్రం ముగియలేదు. అంతకు ముందు రజాకార్లు చేసిన జుల్ముకు బదులు, వాళ్లెవరో తెలియని ముసల్మానుల మీద పడింది. సుందర్‌లాల్ కమిటీ ఎక్కువ నష్టం జరిగిందని చెప్పిన నాలుగు జిల్లాల్లో మా బీదర్ ఒకటి. మా ఇంట్లో ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడరు. చెప్పేది ఒక్కటే: దాదీ తొమ్మిది నోట్లు, పది రూపాయలవి, ఒక రేకు డబ్బీలో పెట్టి జొన్నల పాతరలో పూడ్చింది. తర్వాత ఇంటిల్లిపాదీ రాత్రికి రాత్రి బీదర్ పోయారు. తిరిగొచ్చేసరికి పాతర మీద వేరేవాళ్లు కొట్టం కట్టుకున్నారు.

1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చింది. హాలీ పక్కనే, అదే ఏడూ ఆరూ లెక్కన నడిచింది. 1951 నుంచి హాలీ నోట్లు కొత్తగా వేయడం ఆగిపోయింది. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన చట్టంతో బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ మెదక్ జిల్లాకు వచ్చింది. ఆ చట్టంలో మా ఊరి పేరు విడిగా రాసి ఉంటుంది. మా అబ్బా దాన్ని గర్వంగా చెప్పేవారు, ఏదో మేమే దస్తఖత్ చేసినట్టు. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది.

దాదీ మహర్ తగాదా ఈ మధ్యలో వచ్చింది. ఆమె నికాహ్ 1945లో. మహర్ అయిదు వందల రూపాయలు, సిక్కా-ఎ-హాలీ. బాకీగానే ఉండిపోయింది, మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నట్టే. 1957లో దాదా ఒక చెలక అమ్మి, మొదట మహర్ తీర్చి తర్వాతే హజ్ సంగతి చూద్దామన్నాడు. ఎంత తీర్చాలి? ఊళ్లో లెక్క తెలిసినవాళ్లు వేసి చెప్పారు: అయిదు వందల హాలీ అంటే 428 రూపాయల 9 అణాలు. కొత్త పైసల్లో 428 రూపాయల 57 పైసలు. దానికి మించి ఇవ్వాల్సింది లేదన్నారు. ఇదేం కొత్త మసలా కాదు. సిక్కా నడవడం ఆగిపోతే పాత బాకీ ఎలా తీర్చాలని ఫిక్హ్ కితాబుల్లో పెద్ద బహస్ ఉంది. ఇమామ్ అబూ హనీఫా అదే సిక్కా తిరిగిస్తే చాలన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ పైసలు చేతికి వచ్చిన రోజు విలువ కట్టమన్నారు. ఇమామ్ ముహమ్మద్ ఆ సిక్కా చివరగా నడిచిన రోజు విలువ అన్నారు. గురువూ శిష్యులూ ముగ్గురూ మూడు మాటలు చెప్పారంటే, ఆ కాలంలోనూ మా దాదీ లాంటివాళ్లు ఉండే ఉంటారు.

దాదా అంతా విన్నాడు. "నికాహ్‌లో అయిదు వందలు అని కబూల్ చేసిన. నాలుగు వందల చిల్లర అనలేదు" అని అయిదు వందలు కొత్త రూపాయల్లోనే లెక్కపెట్టి దాదీ కొంగులో పోశాడు. అందులో డెబ్బై ఒక్క రూపాయల పెట్టుబడి లేదట, సెంటిమెంటు లేదట, ఉత్త జిద్దు అనేవారు అబ్బా. నాకు అలా అనిపించదు. ఇప్పుడు నికాహ్‌నామాల్లో మహర్ అంకె పక్కన "సిక్కా రాయిజుల్ వఖ్త్" అని రాస్తారు, అంటే ఆ వేళకు చెలామణిలో ఉన్న సిక్కా. చాలామంది దాన్ని అలంకారం అనుకుని చదవకుండానే దస్తఖత్ పెడతారు. ఆడపిల్లల తరఫు వాళ్లు ఆ మూడు మాటలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవాలి.

పాతర సంగతి చెప్పలేదు. 1960లో కొట్టం పడిపోతే దాదీ తవ్వించింది. డబ్బీ దొరికింది. తొమ్మిది నోట్లలో రెండిటిని చెదలు తిన్నాయి, ఏడు బాగున్నాయి. ఏడు పదులు డెబ్బై హాలీ, అంటే నిలువుగా అరవై రూపాయలు. దాదా వాటిని పట్టుకుని పట్నం పోయి ఒక కౌంటర్ దగ్గర నిలబడితే, మియాద్ దాటిందన్నారు. ఇంకో కౌంటర్‌కు పంపారు, అక్కడా అదే మాట. పాతరలో ఎందుకు పెట్టావని అడిగినవాడు లేడు, అడిగితే చెప్పేవాడో లేదో.

అదే 1959లో రిజర్వ్ బ్యాంక్ హాజీల కోసం వేరే నోట్లు వేసింది, గల్ఫ్ దేశాల కోసం వేరే రూపాయి తెచ్చింది. హిందుస్తాన్ లోపల చెల్లని హిందుస్తానీ రూపాయి! దాదా హజ్‌కు పోయినప్పుడు చేతిలో ఉన్నది ఆ హజ్ నోట్లే. తిరిగొచ్చాక "ఇవి హాలీ కన్నా నయం, పోయేముందే చెప్పిండ్రు ఎక్కడ చెల్లవో" అన్నాడట.

గ్లాస్గో పిల్లవాడు వెళ్లే ముందు రోజు ఆ ఇరవై పౌండ్లు తిరిగిచ్చాను. "పెద్దమ్మకు ఇచ్చింది తీసుకుంటే ఎట్లా" అని మొహమాటపడ్డాడు. అమ్మీ బలవంతంగా జేబులో పెట్టి, నీ ఊళ్లోనే ఖర్చు పెట్టుకో అంది. వాడు ఫోన్‌లోంచి ఆమె ఖాతాకు రూపాయలు పంపాడు, అర నిమిషం పట్టింది. తర్వాత అమ్మీ బీరువాలోంచి దాదీ డబ్బీ తీసి ఏడు నోట్లూ చూపించింది. వాడు ఉర్దూ వైపు కాసేపు చూసి, చదవడం రాక, తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయని అడిగాడు.