నెల రోజుల నిషేధం, ఏడాది నష్టం: అవినాశి రోడ్డు కళాశాలల నేపథ్యంలో గంజాయి, క్రీడాకారుల క్రమశిక్షణ

కోయంబత్తూరు నుంచి అవినాశికి పోయే రోడ్డు మీద పీళమేడు దగ్గర వందేళ్ల తెలుగువారి విద్యాదానం కళ్లకు కడుతుంది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు 1926లో పెట్టిన ట్రస్టు ఆధ్వర్యంలో 1947లో ఆర్ట్స్ కళాశాల, 1951లో ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. 1956లో వి. రంగస్వామి నాయుడి పేరిట ఉన్న ట్రస్టు కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని స్థాపించింది. విజయనగర కాలం నుంచీ ఈ కొంగునాడులో కమ్మవారు, బలిజవారు ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఊరూరా ఉన్నారు. ఈ ఇళ్ల పిల్లల్లో చాలామందికి ఆటే కళాశాల గడప దాటించే దారి. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తే ఫీజు మాఫీ, హాస్టల్, మెస్ దాని వెంటే వస్తాయి. అలాంటి కుర్రాడు గంజాయితో దొరికితే అతని మీద ఎన్ని రకాల శిక్షలు పడతాయి, అవి ఒకదానితో ఒకటి పొసగుతాయా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఏ ఒక్క కళాశాలనూ వేలెత్తి చూపడం దీని ఉద్దేశం కాదు.

మొదట దేశపు చట్టం. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే మొక్క పూత, కాయ తలలని నిర్వచించింది. తలలు కలవని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకుతో చేసే భంగు ఈ చట్టానికి బయట ఉండిపోయి, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల చేతిలోకి వెళ్లింది. కిలో వరకు గంజాయి 'తక్కువ పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. తక్కువ పరిమాణం దగ్గర పెట్టుకుంటే ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సేవించినందుకు 27వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఆరు నెలల జైలు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు వినని 64ఏ సెక్షన్ ఒకటుంది. వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే, సేవించిన నేరానికీ తక్కువ పరిమాణం కేసుకూ ప్రాసిక్యూషన్ నుంచి అతనికి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడినీ తాగేవాడినీ వేర్వేరుగా చూడాలన్న వివేకం ఈ చట్టంలోనే ఉందన్నమాట.

రెండోది ఆట చట్టం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా గంజాయిని పోటీ వేళల్లో మాత్రమే నిషేధించింది. పోటీకి ముందు రోజు రాత్రి 11.59కి మొదలయ్యే ఆ గడువు, ఆట ముగిసి నమూనా ఇచ్చే ప్రక్రియ పూర్తయ్యాక తీరిపోతుంది. మూత్రంలో గంజాయి అవశేషం మిల్లీలీటరుకు 15 నానోగ్రాములు దాటితే తప్పన్న పాత హద్దును 2013లో 150కి పెంచారు. పోటీ రోజున తాగినవాడిని పట్టుకోవడమే ధ్యేయమని, వారం కిందటి సంగతి తమకు అవసరం లేదని దీని అర్థం. 2021 నియమావళిలో గంజాయిని 'దుర్వినియోగ పదార్థాల' కోవలో చేర్చారు. పోటీ బయట, ఆటతో సంబంధం లేకుండా వాడానని క్రీడాకారుడు రుజువు చేసుకుంటే శిక్ష మూడు నెలలే. చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే ఒక నెల. అమెరికా పరుగు రాణి షకారీ రిచర్డ్‌సన్ 2021లో ఆ నెల నిషేధంతోనే టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగుకు దూరమైంది. ఆ గొడవ తర్వాత వాడా విషయాన్ని మళ్లీ పరిశీలించింది. ఆరోగ్యానికి చేటు, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం అన్న కారణాలతో 2022 సెప్టెంబరులో నిషేధాన్ని కొనసాగించింది. అమెరికా కళాశాలల క్రీడా సంస్థ ఎన్‌సీఏఏ మరో దారి పట్టింది. 2022లో హద్దును 35 నుంచి 150కి పెంచి, 2024 జూన్‌లో దాని తొలి శ్రేణి మండలి గంజాయిని నిషిద్ధ జాబితా నుంచే తీసేసింది. అక్కడి మన తెలుగు విద్యార్థులు దీన్ని చూసి పొరబడకూడదు. ఫెడరల్ చట్టం మారలేదు కాబట్టి వీసా మీద ఉన్నవారికి రాష్ట్రం ఇచ్చిన సడలింపు రక్ష కాదు.

మన దగ్గర వాడా నియమాలను అమలు చేసేది 2005లో ఏర్పడిన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం దానికీ, దాని క్రమశిక్షణ మండలికీ, అప్పీలు మండలికీ చట్టబద్ధత ఇచ్చింది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల వంటి పోటీలకు వెళ్లే విద్యార్థి ఈ పరిధిలోకి వస్తాడు.

నమూనా సేకరణ తీరును కాస్త దగ్గరగా చూడాలి. ఎంపికైన ఆటగాడి వెంట ఒక సహాయకుడు కబురు అందిన క్షణం నుంచీ ఉంటాడు. సేకరణ పాత్రను, సీలు వేసిన సీసాల పెట్టెను ఆటగాడే ఎంచుకుంటాడు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రాన్ని ఏ, బీ సీసాల్లోకి తన చేత్తోనే పోసి, తనే మూత బిగిస్తాడు. పేరు ప్రయోగశాలకు వెళ్లదు, అంకె మాత్రమే వెళుతుంది. ఏ సీసాలో తప్పు తేలితే బీ సీసా పరీక్షించమని అడిగే హక్కు ఉంది. తర్వాత విచారణ, ఆపైన అప్పీలు. అనుమానితుడి గౌరవం కాపాడడానికి ఎన్ని మెట్లు కట్టారో గమనించండి.

మూడోది కళాశాల క్రమశిక్షణ. సాధారణంగా కళాశాల నియమాల పుస్తకంలో దీని గురించి కనిపించేది ఒకే ఒక్క వాక్యం: మత్తు పదార్థాలు వాడినా, దగ్గర ఉంచుకున్నా తొలగింపు. ఎంత పరిమాణం, ఏ పరీక్ష, ఎవరు విచారిస్తారు, ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవేవీ అందులో ఉండవు. హాస్టల్ గదిలో పొట్లం దొరికిందనో, ఎవరో చెప్పారనో మందుల దుకాణంలో దొరికే పరీక్ష పట్టీ వాడారనుకుందాం. ఆ పట్టీలకు సాధారణంగా ఉండే హద్దు 50 నానోగ్రాములు. ప్రపంచ స్థాయి పోటీలో 150 దాకా తప్పు కాని మూత్రం, హాస్టల్ వార్డెన్ బల్ల మీద 60 దగ్గరే నేరమైపోతుంది. రోజూ తాగేవారి మూత్రంలో ఈ అవశేషం వారాల తరబడి నిలుస్తుంది. వేసవి సెలవుల అలవాటు జూన్‌లో బయటపడవచ్చు. చట్టం వదిలేసిన భంగు కూడా పట్టీ మీద అదే ఫలితం చూపిస్తుంది. పట్టీ ఇచ్చేది అనుమానం మాత్రమే, దాన్ని ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి.

ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది శిక్షల తారతమ్యం. ఆట చట్టం నెల రోజులు ఆపి, చికిత్స చేయించి, మళ్లీ మైదానంలోకి పిలుస్తుంది. కళాశాల మాత్రం తండ్రిని పిలిపించి టీసీ చేతిలో పెడుతుంది. ఏడాది మధ్యలో మరోచోట సీటు దొరకదు. విద్యార్థి కాని వాడు విశ్వవిద్యాలయ జట్టులో ఆడలేడు. ఫీజు మాఫీ, భోజనం ఒకేసారి పోతాయి. టీసీలో ప్రవర్తన అనే గడి ఒకటుంటుంది. దాన్ని ఎలా పూరించారన్నది రేపు రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దాకా వెంటాడుతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడు మరో కళాశాలలో డొనేషన్ కట్టి చేరిపోతాడు. మిల్లు కూలీ కొడుకు తిరుప్పూరు బనియన్ కంపెనీలో పనికి వెళతాడు. తప్పు ఒక్కటే అయినా పర్యవసానం ఇంటిని బట్టి మారిపోతోంది.

కళాశాలల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి రైళ్లలో, లారీల్లో తమిళనాడుకు చేరుతోంది. 2021లో ఆంధ్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం విద్యాసంస్థల్లో మత్తు వ్యతిరేక ప్రతిజ్ఞ చేయించింది. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్లవారిలో 2.8 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. మత్తులో ప్రతిచర్య వేగం తగ్గుతుంది. కబడ్డీ కూతలోనూ బాస్కెట్‌బాల్ రింగు కిందా అది ఎదుటివాడి ఎముకకే ప్రమాదం. హాస్టల్లో అమ్మకం పెట్టినవాడిని పోలీసులకు అప్పగించాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా అభ్యంతరమంతా తాగినవాడినీ అమ్మినవాడినీ ఒకే వాక్యంతో వెళ్లగొట్టడం మీద.

వినకుండా శిక్షించకూడదన్నది మన న్యాయవ్యవస్థలో పాత మాట. పరీక్షలో అక్రమాలకు పాల్పడ్డారని ఉత్తరప్రదేశ్ బోర్డు ఫలితాలు రద్దుచేసిన ఘన్‌శ్యామ్ దాస్ గుప్తా కేసులో, విద్యార్థుల వాదన వినాల్సిందేనని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. కాపీ కొట్టాడన్న పిల్లవాడికి ఉన్న హక్కు గంజాయి తాగాడన్న పిల్లవాడికి లేకుండా ఎలా పోతుంది?

అవినాశి ప్రాంతపు తెలుగు ఇళ్లకు మరో చిక్కు ఉంది. నియమాల పుస్తకం ఇంగ్లీషులో, నోటీసు తమిళంలో, ఇంట్లో మాట తెలుగులో. చేరే రోజున తండ్రి సంతకం పెట్టిన హామీపత్రంలో ఏముందో సంక్షోభం వచ్చిన రోజే తెలుస్తుంది. అప్పుడు కూడా అర్థం చెప్పేవాడు ఆ కుర్రాడే!

పరిష్కారానికి కొత్త చట్టం అక్కర్లేదు. మొదటిసారి తాగి దొరికిన ఆటగాడికి ప్రయోగశాల నిర్ధారణ, రాతపూర్వక నోటీసు, విచారణ ఉండాలి. తప్పు తేలితే నెల రోజులు ఆట ఆపి, ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు పంపి, తరగతి, హాస్టల్, భోజనం మాత్రం కొనసాగించాలి. రెండోసారికి ఏమవుతుందో ముందే రాసి, చేరే రోజున తమిళంలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలి. వ్యసనం గురించి అడగదలచుకున్న తల్లిదండ్రులకు 14446 నంబరు జాతీయ సహాయ కేంద్రం ఉంది, ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద ఉండాలి. పీళమేడులో కళాశాలలు కట్టిన పెద్దల వారసులు ఇవాళ పాలకమండళ్లలో కూర్చుంటున్నారు. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఆ ఒక్క వాక్యం స్థానంలో ఈ ఒక్క పేజీ రాయించవలసిందిగా వారికి నా విన్నపం.