బీరువాలో ఆగిపోయిన వాచీ: సౌర గడియారం కథ

జంషెడ్‌పూర్ పక్కన, హౌరా–ముంబయి రైలు మార్గం మీద గమ్హరియా అనే ఊరుంది. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న ఊరు కావడంతో అక్కడి జీవితమంతా షిఫ్టుల లెక్కన సాగుతుంది. మా మేనమామ శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి, అక్కడి ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశారు. పదవీ విరమణ చేసిన రోజున తోటి కార్మికులు చందాలు వేసుకుని ఆయనకు ఒక సౌర వాచీ బహూకరించారు. బ్యాటరీ మార్చే పని లేదనీ, వెలుతురే దానికి ఆహారమనీ చెప్పి మరీ చేతికి తొడిగారు.

మామయ్య ఆ వాచీని ప్రాణంగా చూసుకున్నారు. చేతిరుమాలులో చుట్టి బీరువాలో దాచారు. పెళ్ళిళ్ళకూ, శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరానికీ వెళ్ళేటప్పుడు మాత్రమే బయటికి తీసేవారు. ఒక ఏడాది అలా తీసేసరికి ముళ్ళు కదలడం లేదు. బజారులోని వాచీల దుకాణంలో చూపిస్తే, మిషన్ పోయిందనీ, బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలనీ చెప్పారట. కిందటి చలికాలంలో నేను వెళ్ళినప్పుడు ఆయన ఆ వాచీని నా చేతిలో పెట్టి, "ఎంత భద్రంగా దాచుకున్నానురా అల్లుడూ, అయినా పోయింది" అన్నారు.

నిజానికి ఆ భద్రతే దాని జబ్బు. ఎందుకో తెలుసుకోవాలంటే సౌర వాచీ పుట్టుపూర్వోత్తరాలలోకి వెళ్ళాలి.

నీడ చెప్పిన కాలం

సూర్యుడితో కాలం కొలవడం మనిషికి కొత్త కాదు. అన్నవరం సత్యనారాయణస్వామి గుడికి వెళ్ళినవారు అక్కడి నీడ గడియారాన్ని చూసే ఉంటారు. జయపురంలో సవాయి జయసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన సమ్రాట్ యంత్రం కూడా నీడ గడియారమే. వీటికి బ్యాటరీ లేదు, కీ ఇచ్చే పని లేదు. అయితే రెండు లోపాలున్నాయి. రాత్రివేళ ఇవి పనిచేయవు. పగలు కూడా ఆ ఊరి స్థానిక కాలాన్నే చెబుతాయి.

రెండో లోపానికి గమ్హరియాయే మంచి ఉదాహరణ. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. గమ్హరియా సుమారు 86.1 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక, అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వాచీలో సగటున 11 గంటల 45 నిమిషాలే అవుతుంది. పంటచేను దగ్గర ఈ పావుగంట తేడా పట్టింపు లేదు. కర్మాగారం గేటు దగ్గర మాత్రం ఉంది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసింది. రోజును మూడు షిఫ్టులుగా కోసిన చోట, నీడను చూసి పనికి వెళ్ళడం కుదరదు. రాత్రి కూడా నడిచే గడియారం కావాలి. అంటే పగటి వెలుతురును రాత్రికి దాచిపెట్టే ఉపాయం కావాలి. సౌర వాచీ చరిత్ర అంతా ఈ ఉపాయం కోసం జరిగిన వెతుకులాటే.

సెలీనియం నుంచి సిలికాన్ దాకా

కాంతి విద్యుత్తును పుట్టించగలదని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ గమనించాడు. 1873లో ఇంగ్లండులో విల్లోబీ స్మిత్ అనే ఇంజనీరు సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలను పరీక్షించే పనిలో ఉండగా, సెలీనియం కడ్డీల విద్యుత్ నిరోధం వెలుతురులో తగ్గిపోవడం చూశాడు. 1876లో ఆడమ్స్, డే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సెలీనియంపై కాంతి పడితే నేరుగా విద్యుత్తు పుడుతుందని నిరూపించారు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలుచని బంగారు పూత పూసి సౌర ఘటాన్ని తయారుచేశాడు. దాని దక్షత సుమారు ఒక్క శాతం మాత్రమే.

ఈ కథలో మన దేశానికీ ఒక పుట ఉంది. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో ఒక శోధకాన్ని నిర్మించాడు. అది రేడియో తరంగాలకే కాక కాంతికి కూడా స్పందించేది. దానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అర్ధవాహక సాధనానికి వచ్చిన తొలి పేటెంట్లలో అది ఒకటి.

అసలైన మలుపు 1954లో వచ్చింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ కలిసి సిలికాన్ సౌర ఘటాన్ని రూపొందించారు. దాని దక్షత సుమారు 6 శాతం. ఏప్రిల్ 25న పత్రికల వారి ముందు దానితో ఒక బొమ్మ రంగులరాట్నాన్ని తిప్పి చూపించారు.

నాలుగేళ్ళ తర్వాత ఈ ఘటాలు అంతరిక్షానికి వెళ్ళాయి. 1958 మార్చి 17న ప్రయోగించిన వాన్‌గార్డ్–1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. బ్యాటరీతో నడిచేది కొన్ని నెలల్లోనే మూగబోయింది. సౌర ఘటాలతో నడిచేది 1964 దాకా సంకేతాలు పంపుతూనే ఉంది. దుకాణంలో కొన్న బటన్ సెల్‌కూ, సౌర వాచీకీ ఉన్న తేడా కూడా సరిగ్గా ఇదే.

ముంజేతి మీదికి

సౌర ఘటం ఉన్నంత మాత్రాన సౌర వాచీ రాదు. అతి తక్కువ విద్యుత్తుతో నడిచే గడియారం కూడా కావాలి. 1969 డిసెంబరు 25న జపానులో సైకో సంస్థ విడుదల చేసిన ఆస్ట్రాన్ వాచీ ఆ దారి తెరిచింది. అది తొలి క్వార్ట్జ్ చేతి గడియారం. నేటి క్వార్ట్జ్ వాచీలలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పదిహేను రెండ్లను వరుసగా హెచ్చవేస్తే వచ్చే సంఖ్య ఇది. ఎలక్ట్రానిక్ వలయం దీన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. ఆ స్పందనే చిన్న మోటారును ఒక అడుగు కదుపుతుంది.

1970ల ఆరంభంలో అంకెలు ఎర్రగా వెలిగే వాచీలు వచ్చాయి. ఆ వెలుగుకు విద్యుత్తు బాగా ఖర్చయ్యేది. అందుకే మీట నొక్కితేనే అంకెలు కనిపించేవి. ఈ చిక్కుకు అమెరికన్ ఇంజనీరు రోజర్ రీల్ ఒక విరుగుడు కనిపెట్టాడు. ఆయన తయారుచేసిన సింక్రోనార్ వాచీ పైభాగమంతా సౌర ఘటాలే. అంకెలు పక్కనుంచి కనిపించేవి. లోపల మళ్ళీ చార్జి చేసుకోగల ఘటాలుండేవి. దాని కాలెండరును 2100 సంవత్సరం దాకా ముందే నిక్షిప్తం చేశారు. సౌర విద్యుత్తుతో నడిచిన తొలి చేతి గడియారంగా దాన్నే చెప్పుకుంటారు.

ముళ్ళతో నడిచే తొలి సౌర క్వార్ట్జ్ వాచీని జపానుకు చెందిన సిటిజన్ సంస్థ 1976లో విడుదల చేసింది. దాని ముఖంమీద సిలికాన్ ఘటాలు పైకే కనబడుతూ ఉండేవి. వాచీ అంటే ఆభరణం కూడా కదా! ముఖమంతా ఘటాలు పరిచిన వాచీని కొనేవారు తక్కువ.

అదే 1976లో అమెరికాలో కార్ల్‌సన్, రాన్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు అస్ఫటిక సిలికాన్‌తో సౌర ఘటాన్ని చేసి చూపారు. దీన్ని గాజుమీద పలుచని పొరగా పూయవచ్చు. పైగా గది లోపలి మసక వెలుతురులో కూడా ఇది చక్కగా పనిచేస్తుంది. 1980ల నుంచి మన చేతుల్లోకి వచ్చిన సౌర కాలిక్యులేటర్లు దీని చలవే. ఈ పొరను వాచీ ముఖం కింద దాచి, ముఖాన్ని కొంత కాంతి చొరబడే పదార్థంతో చేస్తే ఘటం బయటికి కనబడదు. 1995లో సిటిజన్ ఎకో–డ్రైవ్ పేరుతో తెచ్చిన వాచీలు ఇలాంటివే. మళ్ళీ చార్జి చేయగల లిథియం ఘటం వల్ల, ఒకసారి నిండితే అవి చీకటిలో కూడా దాదాపు ఆరు నెలలు నడిచేవి. పగటిని రాత్రికి దాచే ఉపాయం ఇలా దొరికింది.

మన దేశంలో

1961లో హెచ్.ఎం.టి. సంస్థ ఇదే సిటిజన్ సహకారంతో బెంగుళూరులో వాచీల కర్మాగారం నెలకొల్పింది. కీ ఇచ్చే హెచ్.ఎం.టి. వాచీ కొన్ని తరాలపాటు తెలుగు ఇళ్ళలో పెళ్ళికొడుకు కానుకగా వెలిగింది. ఆ సంస్థ వాచీల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. జంషెడ్‌పూర్‌ను కట్టిన టాటాలు తమిళనాడు ప్రభుత్వ సంస్థతో కలిసి 1984లో టైటాన్‌ను స్థాపించారు. ఆ టైటాన్ 2011లో కాంతితో నడిచే వాచీలను విపణిలోకి తెచ్చింది. సౌర ఘటాల విషయానికొస్తే, సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో దేశీయంగా తొలి సౌర ఘటాన్ని తయారుచేసింది.

ఎంత వెలుతురు కావాలి?

ఒక చిన్న లెక్క వేద్దాం. సాధారణ క్వార్ట్జ్ వాచీ 1.5 వోల్టుల దగ్గర సుమారు ఒక మైక్రోఆంపియర్ విద్యుత్తు తీసుకుంటుందనుకుందాం. అంటే దాని సామర్థ్యం 1.5 మైక్రోవాట్లు. రోజుకు 86,400 సెకన్లు కనుక దానికి కావలసిన శక్తి సుమారు 0.13 జౌళ్ళు.

నిండు ఎండలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. వాచీ ముఖం వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే దానిమీద పడేది అర వాటు. ముఖం దాటి లోపలికి వెళ్ళేది అందులో అయిదో వంతు, ఘటం దక్షత 5 శాతం అనుకున్నా, 5 మిల్లీవాట్లు దక్కుతాయి. ఈ లెక్కన రోజుకు సరిపడా శక్తి అర నిమిషంలోపే చేరుతుంది. వాస్తవంలో వలయాలు, ఘటం పెట్టే పరిమితుల వల్ల కొన్ని నిమిషాలు పట్టవచ్చు.

గదిలో దీపం వెలుతురు సంగతి వేరు. నిండు ఎండ తీవ్రత లక్ష లక్స్ దాకా ఉంటే, ట్యూబులైటు కింద బల్లమీద ఉండేది సుమారు 500 లక్స్. అక్కడ ఒక రోజుకు సరిపడా చార్జి కావడానికి కొన్ని గంటలు పడుతుంది. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు. కనుపాప తనంతట తానే సర్దుకుంటుంది కనుక, గది కూడా వెలుతురుగానే ఉందనుకుంటాం. వాచీకి ఆ భ్రమ లేదు.

రాత్రి షిఫ్టు చేసి పగలు తలుపులు మూసుకుని నిద్రపోయే కార్మికుడి వాచీ, చలికాలమంతా స్వెట్టరు చేతికింద దాగిన వాచీ, బీరువాలోని వాచీ, ఈ మూడూ ఆకలితో మాడేవే.

సంరక్షణ ఇలా

వాచీ తన ఆకలిని తానే చెబుతుంది. చాలా సౌర వాచీలలో చార్జి తగ్గగానే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లకు ఒకసారి గెంతుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, వెలుతురు చూపించమనే విన్నపం. కొన్ని రకాల వాచీలు చీకటిలో శక్తి పొదుపు కోసం ముళ్ళను తామే ఆపేసుకుంటాయి. కనుక ఆగిన సౌర వాచీ చచ్చిన వాచీ అని వెంటనే తీర్మానించకూడదు.

పూర్తిగా ఆగిపోతే ముఖం పైకి ఉండేటట్టు కిటికీ దగ్గర, వెలుతురు బాగా పడేచోట వరుసగా కొన్ని రోజులు ఉంచాలి. ముళ్ళు కదలగానే తీసేయకూడదు. అప్పటికి అది కాస్త గంజి తాగిందంతే, కడుపు నిండలేదు. వేడి మాత్రం దానికి శత్రువు. మే నెల ఎండలో కారు అద్దం కింద పెట్టడం, బల్బుకు ఆనించడం మంచిది కాదు. 60 డిగ్రీల సెల్సియస్ దాటే చోట లోపలి ఘటం దెబ్బతింటుంది. అయస్కాంతాలకు కూడా దూరంగా ఉంచాలి. అవి చిన్న మోటారు నడకను తడబరుస్తాయి. ముఖంమీది అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడుస్తూ ఉండాలి. దుమ్ము, చెమట పేరుకుంటే ఘటానికి చేరే కాంతి ఆ మేరకు తగ్గుతుంది.

ఈ ఘటం కూడా చిరంజీవి కాదు. ఏళ్ళ తరబడి వాడాక, లేదా చాలాకాలం ఖాళీగా పడి ఉన్నాక, చార్జి నిలుపుకునే గుణం తగ్గవచ్చు. అప్పుడు ఘటాన్ని మార్చాలి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. దాని స్థానంలో మామూలు సిల్వర్ ఆక్సైడ్ బటన్ సెల్ పెట్టకూడదు. అది చార్జి చేయడానికి తయారైనది కాదు. సౌర ఘటం దానిలోకి విద్యుత్తును తోస్తూ ఉంటే అది కారవచ్చు, పగలవచ్చు కూడా. అసలు రకం ఘటాన్నే అడిగి వేయించుకోవాలి. తీసిన పాత ఘటాన్ని పసిపిల్లల చేతికి అందనివ్వకూడదు. మింగితే ప్రాణానికే ముప్పు.

మామయ్య వాచీని ఆ చలికాలపు ఉదయం వరండాలోని కిటికీ గట్టుమీద పెట్టాను. మొదటిరోజు ఏమీ జరగలేదు. రెండో రోజు మధ్యాహ్నం సెకన్ల ముల్లు ఒక్కసారి గెంతింది, ఆగింది, మళ్ళీ గెంతింది. వారం తిరిగేసరికి మామూలుగా నడవసాగింది. ఘటం శక్తి ఎంత మిగిలిందో కాలమే చెప్పాలి గానీ, మిషన్ మాత్రం పోలేదు. తోటివారు ప్రేమతో ఇచ్చిన వస్తువు చెత్తబుట్ట పాలు కాలేదు.

ఇప్పుడు మామయ్య ఆ వాచీని రోజూ పెట్టుకుంటున్నారు. ఉదయం నడకకు వెళ్ళేటప్పుడు చొక్కా చెయ్యి కాస్త పైకి మడుస్తారు. మీ ఇంట్లోనూ ఆగిపోయిన సౌర వాచీ ఏదైనా ఉంటే, దుకాణానికి తీసుకెళ్ళే ముందు ఒక వారం కిటికీ దగ్గర పెట్టి చూడండి.