డిమాండ్ ధర వ్యాకోచత్వం

ఒక వస్తువు ధర మారినప్పుడు దాని కొనుగోలు ఎంత మేరకు మారుతుందో చెప్పే కొలమానమే డిమాండ్ ధర వ్యాకోచత్వం. ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందని, తగ్గితే పెరుగుతుందని డిమాండ్ సూత్రం చెబుతుంది. ఆ మార్పు ఎంతన్నది వ్యాకోచత్వం తేలుస్తుంది. ధరల మార్పు వల్ల నష్టం ఎవరికి, లాభం ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ధాన్యం దిగుబడి పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుందన్న అంచనాను ఇంగ్లండులో చార్లెస్ డేవెనంట్ 1699లో ప్రచురించాడు. 1838లో ఫ్రెంచి గణితవేత్త కూర్నో ధరకూ డిమాండుకూ ఉన్న సంబంధాన్ని గణితరూపంలో రాశాడు. 1890లో వెలువడిన తన అర్థశాస్త్ర గ్రంథంలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ ఈ భావనకు స్పష్టమైన రూపమిచ్చాడు.

లెక్కించే పద్ధతి

డిమాండులో వచ్చిన శాతం మార్పును ధరలో వచ్చిన శాతం మార్పుతో భాగిస్తారు. ధర, డిమాండ్ ఎదురుదిశల్లో కదులుతాయి కనుక ఫలితం రుణాత్మకం. వాడుకలో గుర్తును వదిలేస్తారు.

ఉదాహరణకు, టీ ధర 10 రూపాయల నుంచి 12కు, అంటే 20 శాతం పెరిగినప్పుడు రోజువారీ అమ్మకం 200 కప్పుల నుంచి 190కి, అంటే 5 శాతం తగ్గిందనుకుందాం. వ్యాకోచత్వం 0.25. అమ్మకం తగ్గినా రాబడి 2,000 నుంచి 2,280 రూపాయలకు పెరిగింది. అదే సినిమా టికెట్ 200 నుంచి 150 రూపాయలకు తగ్గి, ప్రేక్షకులు 200 నుంచి 300కు పెరిగితే వ్యాకోచత్వం 2. ధర తగ్గించినా రాబడి 40,000 నుంచి 45,000కు చేరింది.

విలువ 1 కంటే ఎక్కువైతే వ్యాకోచ డిమాండ్, తక్కువైతే అవ్యాకోచ డిమాండ్, సరిగ్గా 1 అయితే ఏకత్వ వ్యాకోచ డిమాండ్ అంటారు.

నిర్ణయించే అంశాలు

ప్రత్యామ్నాయాలు ఎన్ని ఉంటే వ్యాకోచత్వం అంత ఎక్కువ. టమాటా మండిపోతే పప్పులోకి, చారులోకి చింతపండు సరిపెట్టుకోవచ్చు; ఉప్పుకు బదులు వాడేది లేదు. నిత్యావసరాలకు, ఇంటి ఖర్చులో చిన్న భాగమైన వస్తువులకు వ్యాకోచత్వం తక్కువ.

కాలవ్యవధి కూడా ముఖ్యమే. 1973-74 చమురు సంక్షోభంలో ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయినా వాడకం వెంటనే పెద్దగా తగ్గలేదు. ఉన్న కారు, ఉన్న యంత్రం ఒక్కరోజులో మారవు. తర్వాతి ఏళ్లలో తక్కువ ఇంధనంతో నడిచే చిన్న కార్లకు గిరాకీ పెరిగింది.

ధర పెరిగినా డిమాండ్ పెరిగే అరుదైన సందర్భాన్ని గిఫెన్ వైపరీత్యం అంటారు. రొట్టె ధర పెరిగితే నిరుపేదలు మాంసం మానుకుని ఆ రొట్టెనే ఇంకా ఎక్కువ కొనవలసి వస్తుందన్న పరిశీలనను మార్షల్ రాబర్ట్ గిఫెన్‌కు ఆపాదించాడు.

పంట ధరలు

ఆహార పంటలకు డిమాండ్ సాధారణంగా అవ్యాకోచం. ధర సగమైందని ఇంట్లో కూర రెట్టింపు వండరు. అందువల్ల దిగుబడి కొంచెం పెరిగినా ధర అంతకు మించి పడిపోయి, రైతులందరి మొత్తం రాబడి తగ్గుతుంది. 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటిన టమాటాయే, సరుకు పోటెత్తినప్పుడు మదనపల్లె వంటి మార్కెట్లలో కోత కూలీ, రవాణా ఖర్చులు కూడా రాని స్థితికి చేరుతుంది. నిల్వకు ఆగని పంట కనుక రైతు వచ్చిన ధరకు తెగనమ్ముకోవాలి, లేదా పారబోయాలి. గిడ్డంగులు, శుద్ధి పరిశ్రమలు, మద్దతు ధర అవసరమయ్యేది ఇందుకే.

పన్నులు

అవ్యాకోచ వస్తువుపై పన్ను వేస్తే అమ్మకం పెద్దగా తగ్గదు, ఖజానా నిండుతుంది. కానీ భారం ప్రధానంగా కొనేవారిపైనే పడుతుంది. 1923లో శాసనసభ వ్యతిరేకించినా వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచాడు. కూలీ అయినా జమీందారైనా తినే ఉప్పు ఇంచుమించు ఒకటే కనుక, ఆదాయంతో పోలిస్తే పేదవాడు కట్టే వాటా చాలా ఎక్కువ. 1930లో గాంధీ సత్యాగ్రహానికి ఉప్పునే ఎంచుకోవడానికి ఈ అన్యాయం ముఖ్య కారణం. రాబడి ఎంత వస్తుందన్న లెక్కతోపాటు అది ఎవరి జేబులోంచి వస్తుందో కూడా చూడనిదే పన్ను విధానం న్యాయమైనది కాజాలదు.