గిటార్‌ని పక్కనపెట్టిన గిటార్ బ్యాండ్: ఎక్స్‌టీసీ కథ

గిటార్ పాటలతో పేరు తెచ్చుకున్న ఒక ఇంగ్లండ్ బ్యాండ్, తొలి ఆల్బమ్ వచ్చిన ఇరవై ఒక్క ఏళ్లకి ఒక కొత్త ఆల్బమ్ రిలీజ్ చేసింది. ప్లే నొక్కితే మొదటి పాటలో డ్రమ్స్ లేవు, గిటార్ వినబడదు. వేళ్లతో మీటిన వయొలిన్ తీగలు, నీటి చుక్కలు పడుతున్నట్టు. ఆ చుక్కల మీద ట్రంపెట్లు, వాటి మీద గొంతులు. పాట పేరు 'రివర్ ఆఫ్ ఆర్కిడ్స్'. ఆల్బమ్ పేరు 'యాపిల్ వీనస్ వాల్యూమ్ 1'. సంవత్సరం 1999. బ్యాండ్ పేరు ఎక్స్‌టీసీ.

నలభై దాటిన మనుషులు ఇలా ఒక్కసారిగా ఎలా మారారు? నన్నడిగితే ఒక్కసారిగా ఏం మారలేదు. ఆ మార్పు వెనక పదిహేడేళ్లు ఉన్నాయి. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో కూడా ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు పవర్ పాప్ అంటే ఏంటో చెప్పుకుందాం. బీటిల్స్ లాంటి తియ్యటి ట్యూను, దాని కింద గట్టిగా మోగే ఎలక్ట్రిక్ గిటార్లు, మూడు నాలుగు నిమిషాల్లో పాట అయిపోవాలి, పల్లవి మాత్రం రోజంతా నోట్లో నానాలి. ఆ మాటని 1967లో 'ద హూ' బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ వాడుకలోకి తెచ్చాడు. డెబ్బైల చివర్లో పంక్ వేడి తగిలాక ఇంగ్లండ్‌లో ఈ పద్ధతిలో పాటలు కట్టిన వాళ్లలో ఎక్స్‌టీసీ ఒకటి.

వాళ్ల ఊరు స్విండన్. లండన్‌కి పడమర వైపు ఉన్న రైల్వే ఊరు, గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపులతో పెరిగింది. మన కాజీపేటలా, రైలు కూత వింటూ పెద్దదైన ఊరనుకోండి. పాటలు రాసేది ఇద్దరు: గిటార్ వాయించే ఆండీ పార్ట్రిడ్జ్, బేస్ వాయించే కోలిన్ మౌల్డింగ్. 1977లో వర్జిన్ రికార్డ్స్ వాళ్లతో కాంట్రాక్ట్ అయ్యింది. 1979లో డేవ్ గ్రెగరీ రెండో గిటారిస్ట్‌గా చేరాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

అదే ఏడాది 'మేకింగ్ ప్లాన్స్ ఫర్ నైజెల్' అనే పాట బ్రిటన్ చార్టులో 17వ స్థానం దాకా వెళ్లింది. ఒక అబ్బాయి భవిష్యత్తు మొత్తం అమ్మానాన్నలే ప్లాన్ చేసేస్తారు, ఉద్యోగం ఏ కంపెనీలోనో కూడా ముందే ఫిక్స్. రాసింది మౌల్డింగ్. బీటెక్ చదివిన మనకి ఈ పాటకి వేరే వివరణ అక్కర్లేదు. 1982లో 'సెన్సెస్ వర్కింగ్ ఓవర్‌టైమ్' 10వ స్థానానికి చేరింది. వాళ్ల కెరీర్ మొత్తంలో అదే పెద్ద హిట్.

సరిగ్గా అప్పుడే బండి ఆగింది. పార్ట్రిడ్జ్ చిన్న వయసు నుంచి వాలియం మాత్రల మీద ఉన్నాడు. అవి ఒక్కసారిగా ఆగిపోయాయి. పైనుంచి ఎడతెగని టూర్లు. 1982 మార్చిలో పారిస్‌లో షో మధ్యలోనే స్టేజి వదిలి వెళ్లిపోయాడు. తర్వాత అమెరికా టూర్ కూడా క్యాన్సిల్. ఇక ఎక్స్‌టీసీ మళ్లీ ఎప్పుడూ టూర్‌కి వెళ్లలేదు. డ్రమ్మర్ టెరీ చాంబర్స్ కొన్నాళ్లకి బ్యాండ్ వదిలేశాడు. స్టేజి లేకపోతే డ్రమ్మర్‌కి ఏం మిగులుతుంది చెప్పండి?

హిట్ వచ్చిన ఏడాదే టూర్లు ఆపేస్తే బయటివాళ్లు ఏమంటారు? పని అయిపోయింది అంటారు. కానీ ఇక్కడ ఒక తలుపు తెరుచుకుంది. రేపు స్టేజి మీద నలుగురం వాయించగలమా అన్న ప్రశ్న లేకపోతే పాటలో ఏదైనా పెట్టొచ్చు. 1986లో అమెరికన్ ప్రొడ్యూసర్ టాడ్ రండ్‌గ్రెన్‌తో చేసిన 'స్కైలార్కింగ్' వినండి. అందులో '1000 అంబ్రెల్లాస్' అనే పాటని నడిపించేవి వయొలిన్లు, చెల్లోలే. ఆ తీగల అరేంజ్‌మెంట్ రాసింది ఎవరనుకున్నారు? మన గిటారిస్ట్ డేవ్ గ్రెగరీ. అంటే 1999 విత్తనం 1986లోనే పడింది, అది కూడా గ్రెగరీ చేత్తో.

ఇప్పుడు డబ్బు సంగతి. రికార్డ్ కంపెనీ అడ్వాన్స్ ఇస్తుంది, రికార్డింగ్ ఖర్చు పెడుతుంది. ఆ తర్వాత ఆర్టిస్టుకి రావాల్సిన రాయల్టీలోంచి అదంతా తిరిగి పట్టుకుంటుంది. అది తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. టూర్లు చేసే బ్యాండ్‌కి టికెట్ల డబ్బైనా ఉంటుంది. వీళ్లకి అదీ లేదు. కుర్రతనంలో సంతకం పెట్టిన కాంట్రాక్ట్, పదిహేనేళ్ల తర్వాత కూడా మెడకి చుట్టుకునే ఉంది. ఫ్రెషర్‌గా బాండ్ మీద సంతకం పెట్టిన వాళ్లకి ఈ బాధ కొంచెం తెలుస్తుంది, కాకపోతే మన బాండ్ రెండు మూడేళ్లే.

1992లో 'నాన్‌సచ్' ఆల్బమ్ వచ్చింది. అందులో 'రాప్డ్ ఇన్ గ్రే' అనే పాటని వర్జిన్ సింగిల్‌గా అచ్చు వేసి, మళ్లీ వెనక్కి తీసేసుకుంది. బ్యాండ్‌కి ఓపిక నశించింది. కాంట్రాక్ట్ మార్చండి, లేదా మమ్మల్ని వదిలేయండి, అప్పటిదాకా కొత్త ఆల్బమ్ ఇవ్వం అన్నారు. సమ్మె అన్నమాట. కార్మికుల సమ్మె తెలుసు, పాటల సమ్మె ఎక్కడైనా విన్నారా? చెరువు మీద అలిగి... అని మన దగ్గర సామెత ఉంది కదా, బయటి నుంచి చూస్తే అలాగే ఉంటుంది. కంపెనీకి ఇంకో వంద బ్యాండ్లు ఉన్నాయి. వీళ్లకి పాట తప్ప వేరే బతుకుతెరువు లేదు. అదే సమయంలో పార్ట్రిడ్జ్‌కి విడాకులు కూడా అయ్యాయి. ఆ కోపం 'యువర్ డిక్షనరీ' అనే పాటలో సూటిగా వినిపిస్తుంది.

సమ్మెలో రికార్డు చేయలేదు గానీ రాయడం ఆపలేదు. "సింగిల్ ఎక్కడ? రేడియోకి పనికొస్తుందా?" అని అడిగే మనిషి లేడు. పైగా అప్పటికి శాంప్లర్లు, కీబోర్డులు ఇళ్లల్లోకి వచ్చేశాయి. వయొలిన్ వాయించడం రాకపోయినా వయొలిన్ల గుంపు ఎలా మోగుతుందో ఇంట్లోనే నొక్కి చూసుకోవచ్చు. స్టేజి లేదు, లేబుల్ ఒత్తిడి లేదు, చేతిలో కొత్త పరికరం ఉంది. ఈ మూడూ కలిసిన చోట ఆ కొత్త సౌండ్ పుట్టింది.

చివరికి వర్జిన్ వాళ్లని వదిలిపెట్టింది. సొంతంగా ఐడియా రికార్డ్స్ అని లేబుల్ పెట్టుకున్నారు. రెండు ఆల్బమ్‌లకి సరిపడా పాటలున్నాయి, డబ్బే తక్కువ. నలభై మంది ఆర్కెస్ట్రాని లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకి పిలిచారు. బీటిల్స్ రికార్డ్ చేసిన స్టూడియో అది. ఎన్ని రోజులు తీసుకున్నారో తెలుసా? ఒక్క రోజు. అంతమందికి రెండో రోజు ఇవ్వాలంటే మాటలా? ఆ రోజు పట్టుకున్నదాన్ని తర్వాత కూర్చుని ముక్కలు ముక్కలుగా ఎడిట్ చేసి పాటలుగా అతికారు.

ఈ పని మధ్యలోనే, 1998లో, డేవ్ గ్రెగరీ బ్యాండ్ వదిలేశాడు. పందొమ్మిదేళ్ల స్నేహం. ఆర్కెస్ట్రా, కీబోర్డులు ముందుకొచ్చి గిటార్ వెనక్కి పోయింది. ఆల్బమ్ ఎలా ఉండాలన్న దాని మీద మాటలు పెరిగాయి. ఆయన తప్పు అనలేం. గిటారిస్ట్‌ని గిటార్ కింద పెట్టమంటే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. పార్ట్రిడ్జ్‌ని కూడా తప్పు పట్టలేం. ఏళ్ల తరబడి లోపల మోగుతున్న పాటలవి, బయటికి రాకపోతే ఆయన ఊరుకోలేడు. ఇద్దరివైపూ న్యాయం ఉన్న గొడవల్లో రాజీ కుదరడం మహా కష్టం.

1999 ఫిబ్రవరిలో ఆల్బమ్ వచ్చింది, విమర్శకులు మెచ్చుకున్నారు. 2000లో రెండో భాగం 'వాస్ప్ స్టార్' వచ్చింది. అందులో మళ్లీ గిటార్లే! వాటిని వాయించడానికి గ్రెగరీ మాత్రం లేడు. ఆ తర్వాత ఎక్స్‌టీసీ నుంచి పూర్తి స్థాయి కొత్త ఆల్బమ్ ఏదీ రాలేదు.

"పాతది వదిలేయ్, నిన్ను నువ్వు మార్చుకో" అని రోజూ రీల్స్‌లో వింటుంటాం. వీళ్ల కథలో పాతది వాళ్లంతట వాళ్లు వదిలింది తక్కువ, పోయింది ఎక్కువ: స్టేజి పోయింది, డ్రమ్మర్ పోయాడు, దాదాపు ఏడేళ్ల కాలం పోయింది, చివరికి ఒక స్నేహితుడు పోయాడు. పోయిన ప్రతిచోటా మిగిలినదానితో పాట కట్టారు. ఆ ఆల్బమ్ గొప్పదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ దాన్ని గ్రెగరీ వైపు నుంచి కూడా ఒకసారి వినాలి.

అందుకే మీకో చిన్న పని. ఈ మూడు పాటలు ఇదే వరుసలో వినండి: 'మేకింగ్ ప్లాన్స్ ఫర్ నైజెల్', '1000 అంబ్రెల్లాస్', 'రివర్ ఆఫ్ ఆర్కిడ్స్'. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టేసి. మొదటిదాంట్లో గ్రెగరీ గిటార్ ఉంది. రెండోదాంట్లో గ్రెగరీ రాసిన తీగలున్నాయి. మూడోదాంట్లో తీగలున్నాయి, గిటార్ లేదు.

విన్నాక మీకేం అనిపించిందో చెప్పండి.